అక్కా, ఆ పొక్కు గోకొద్దు

అక్కా, అద్దం చూసేముందే ఇది చదువు. బుగ్గ మీద పొక్కు గోకొద్దు. సబ్బు వద్దు, పౌడర్ అసలే వద్దు. ఫ్రిజ్ మీద ఆయింట్‌మెంట్ పెట్టాను, పల్చగా రాయి.

తప్పెక్కడ జరిగిందో ఇప్పుడు తట్టింది! నిన్న నువ్వు ఆఫీసు నుంచి నేరుగా వచ్చి కూర్చున్నావు కదా, నీ మొహం కడిగించకుండానే, బుగ్గ మీది కాలిన మచ్చని కప్పే టాటూకి రంగు కలిపేశాను. అంటే నీ చర్మానికి కాదు, నీ కాంపాక్ట్ పౌడర్‌కి మ్యాచ్ చేశానన్నమాట! తుడిచింది ఆ తర్వాతే. కోర్సులో మొదటి రోజు పాఠమే అది, అక్కా.

"గోడకి లప్పం పెట్టినట్టుందే" అని నవ్వేశావు. తర్వాత బాత్రూంలో పీచుతో రుద్దుతున్న చప్పుడు విన్నాను. సూదితో చర్మం లోపలికి దించిన రంగు రుద్దితే పోదు, ఆ కాలిన మచ్చే ఇంకా పెద్దదవుతుంది. ఒట్టు, నమ్ము.

కోర్సు నేర్పే మా మేడమ్ ఫోన్ ఎత్తట్లేదు, వాళ్ళ పార్లర్‌కే పరిగెడుతున్నా. తెరిచేదాకా మెట్ల మీదే కూర్చుంటా. కాళ్ళావేళ్ళా పడైనా తీసుకొస్తా. ఆవిడ సరిచేయగలదో లేదో నాకే తెలీదు.

ఆ మచ్చని నువ్వెప్పుడూ పట్టించుకోలేదు. ప్రాక్టీసుకి ఎవ్వరూ మొహం ఇవ్వట్లేదని నేనేడిస్తే, "ఏడుపు ఆపు, నాది తీసుకో" అన్నావు. నిన్న ఒక్క తిట్టయినా తిట్టాల్సింది.

అన్నట్టు, ఏదో క్రీము పడలేదని అమ్మకి చెప్పావట. నేనే చేశానని చెప్పెయ్. ఈసారి నన్ను వెనకేసుకురాకు, ప్లీజ్.