రెండు మాతుల పుస్తకం

రాయచూరు

చిరంజీవి శృతికి మేనమామ అమరేశప్ప ఆశీస్సులు.

ఫోన్‌లో నాకు సగమే వినబడుతుంది కనుక ఉత్తరం రాస్తున్నాను. నా స్నేహితుడు దుర్గప్పకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. సాయంత్రాలు వాడి మంచం పక్కనే చదరంగం ఆడుతున్నాం గానీ పాత పదును లేదు. మెదడుకు పని చెప్పమన్నాడు డాక్టరు. బెంగళూరులో నువ్వు పనిచేసే పుస్తకాల దుకాణం నుంచి రెండు మాతుల పుస్తకం ఒకటి పంపు. ఒక మాతుదైతే చిన్నపిల్లలదని అలుగుతాడు. మూడైతే బుర్ర వేడెక్కుతుంది. వాడు మళ్లీ మునుపటి మనిషి కావాలి, నాకంతే చాలు.

మీ మామయ్య

తా.క. బొమ్మలు పెద్దగా ఉండాలి.

*

బెంగళూరు

మామయ్యకు నమస్కారాలు.

దుర్గప్పగారి సంగతి చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి. మాట పోయినవాళ్ల కోసమే వేసిన కన్నడ పుస్తకం పంపుతున్నాను. పేజీకి రెండు మాతులే. రోజూ బిగ్గరగా పలికించండి.

శృతి

తా.క. తొందరపడి మూడు మాతులకు వెళ్లకండి.

*

రాయచూరు

శృతీ,

పుస్తకం అందింది. మొదటి పేజీలో చెంబు బొమ్మ, "నీరు బేకు". రెండో పేజీలో కంచం, "ఊట బేడ". నీళ్లు కావాలనడం, అన్నం వద్దనడం ఏ ఎత్తులమ్మా? రాజెక్కడ, మంత్రెక్కడ అని పుస్తకమంతా వెతికాను. మాతంటే ఆటకట్టు. రెండెత్తుల్లో రాజును కట్టే లెక్కలు అడిగితే నువ్వు కన్నడ మాటలు పంపావు. వెనక్కి పంపుదామంటే దుర్గప్ప ఇవ్వడం లేదు, దిండు కింద దాచుకున్నాడు.

మామయ్య

తా.క. ఆ చెంబును చదరంగం ఏనుగనుకుంటున్నాడేమోనని నా అనుమానం.

*

బెంగళూరు

మామయ్యా,

తప్పయింది. కన్నడంలో మాతంటే మాట కదా, మీ మాతును ఆ మాతనుకున్నాను. రెండెత్తుల ఆటకట్ల పుస్తకం ఈ రోజే పోస్టు చేశాను. మరీ తేలిక కాకుండా, మరీ కష్టం కాకుండా, తెలిసినవాళ్లను అడిగి మరీ ఎంచాను.

శృతి

తా.క. మొదటి లెక్క నేనూ ప్రయత్నించాను. నా రాజును నేనే తినేశాను.

*

రాయచూరు

శృతికి దీవెనలు.

ఈసారి సరైన పుస్తకమే వచ్చింది. నిన్న సంబరంగా మొదటి లెక్క బల్ల మీద పేర్చాను. దుర్గప్ప నోరు తెరిచాడు. "ఆట బేడ" అన్నాడు. వాడి భార్య పంపమ్మకు అది "ఊట బేడ" అని వినబడి, వాడి ముందున్న అన్నం కంచం తీసేసింది. వాడు కంచం లాక్కుని, చదరంగం బల్లను నెట్టేశాడు. ఆట వద్దట.

"ఏందిరా, ఇన్నేండ్ల సంది ఇష్టం లేకనే ఆడినవా?" అని అడిగాను. తలూపాడు.

పంపమ్మ మెల్లగా అంది: "మీతోని ముచ్చట పెట్టాల్నని కూసుంటుండె అన్నా. మీరేమో వస్తనే పావులు పేరుస్తుంటిరి."

వాడికి నోరున్న కాలమంతా నేను వాడి తర్వాతి ఎత్తు కోసమే ఎదురుచూశాను. ఏం చెప్పాలని వచ్చేవాడో అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. వాడి దగ్గర రెండు మాటలే ఉన్నాయి. చాలా బాధగా ఉందమ్మా.

మామయ్య

తా.క. చదరంగం పుస్తకం తిరిగి పంపుతున్నాను. దాని బదులు ఇంకా ఎక్కువ మాటలున్నది పంపు. వాడికి కష్టమైనా ఫర్వాలేదు, నేను ఆగుతాను.