ఆసా టటిల్ రిబ్బను మీది మరక

బార్టన్, అక్టోబరు 3, 1957

పెద్దలు, కార్యదర్శి పెల్కీ గారికి,

వెండెల్ టాఫ్ట్ భార్య లూయెల్లా భయపడుతూ రాస్తున్న సంగతి. నేను చదివింది ఆరో తరగతే, తప్పులుంటే మన్నించండి. మన వెర్మాంట్ ఎన్నికల్లో జనం కట్టుకున్న పాత రిబ్బన్లంటే మా ఆయనకు ప్రాణం. పక్క రాష్ట్రానిది ఊరికే ఇచ్చినా తాకరు. మీ రిబ్బన్ల సంఘంలో చేరాలని మూడేళ్లుగా అడుగుతున్నారు, మీరు కాదంటున్నారు. మీ ఉత్తరం వచ్చిన రోజు ఆయన భోజనం చెయ్యరు. నిన్న పాత బొంత దులుపుతుంటే అందులో కుట్టిన పట్టు రిబ్బను కనబడింది: "శాసనసభకు ఆసా టటిల్, 1872". ఇది చూపిస్తే చేర్చుకుంటారా?

ఇట్లు, లూయెల్లా

తా.క. దాని మీద ఎర్రటి మరక ఉంది. ఉతికి పంపనా?

మాంట్‌పీలియర్, అక్టోబరు 7

శ్రీమతి టాఫ్ట్‌కు,

ఉతకవద్దు. టటిల్ రిబ్బను లోకంలో ఒక్కటే ఉంది, అది నా దగ్గరుంది. సంఘంలో తక్కిన పదకొండుమందీ ఏడాదికోసారి దాన్ని అద్దంలోంచి చూసి నిట్టూరుస్తారు. ఆ మహనీయుడికి పడ్డవి నలభై ఒక్క ఓట్లే, అందుకే అంత అపురూపం. దాని మీది మరక, ఆయన ఎన్నికల సభలో దుండగులు రాళ్లు రువ్వినప్పుడు చిందిన నెత్తురని అరవై పేజీల పుస్తకం రాశాను. మీది నకలు. వెంటనే నాకు పంపండి.

థాడియస్ పెల్కీ, కార్యదర్శి

తా.క. మీ మరక ఏ ఆకారంలో ఉంది?

బార్టన్, అక్టోబరు 10

పెల్కీ గారికి నమస్కారాలు.

నకలన్నారు కదా అని బొంతంతా వెతికాను. పన్నెండున్నాయి. పదకొండింటి మీద మరక మూతి ఆకారంలో ఉంది. టటిల్ గారి సభనాటికి మా ఆయన నాయనమ్మకు తొమ్మిదేళ్లు. ఆమెనడిగితే, "రాళ్లా, పాడా? రిబ్బను కట్టుకున్నవాళ్లకే చెర్రీపళ్ల రొట్టె, పిల్లా. కట్టుకున్నారు, తిన్నారు, దాంతోనే మూతి తుడుచుకున్నారు, పోయి అవతలివాడికి ఓటేశారు" అంది. పారేసినవి ఏరి వాళ్లమ్మ బొంతలో కుట్టిందట. అప్పట్లో ఆడవాళ్లకు ఓటు లేదు గాని, రొట్టెలు కాల్చే హక్కు ఉండేదట.

లూయెల్లా

తా.క. మీ అరవై పేజీల్లో రొట్టె సంగతి ఎక్కడన్నా ఉందా?

మాంట్‌పీలియర్, అక్టోబరు 14

శ్రీమతి టాఫ్ట్‌కు,

ఆ బొంతను పొయ్యిలో పెట్టండి. ఈ సంగతి బయటికి పొక్కితే నేనున్నంతకాలం మీవారు మా గడప తొక్కలేరు. పొక్కకపోతే, శనివారం సభ్యత్వానికి ఓట్లు వేసేటప్పుడు నా ఓటు ఆయనకే. మాటిస్తున్నాను.

పెల్కీ

తా.క. ముసలావిడకు మతిమరుపు ఏమైనా ఉందా? ఉంటే మేలు.

బార్టన్, అక్టోబరు 21

పెల్కీ గారికి,

మీ ఉత్తరం చేరేసరికే ఆలస్యమైపోయింది. పదకొండుమందీ అద్దంలోంచి చూసి నిట్టూరుస్తారని మీరు రాస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. బొంత విప్పి, మా ఆయన దగ్గరున్న మీ పుస్తకం చివర సభ్యుల చిరునామాలుంటే, వాటికి మా ఆయన పేరుతో తలా ఒక మరక రిబ్బను పంపేశాను. అందరూ జవాబు రాశారు. లోకంలో ఉన్నవి రెండేనట, ఒకటి మీదీ ఒకటి తమదీనట, మీకు మాత్రం చెప్పొద్దట.

శనివారం మా ఆయన నెగ్గారు. రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. పన్నెండు ఓట్లలో పదకొండు వచ్చాయట. పడని ఆ ఒక్కటీ మీది కాదని, మీరు మాటిచ్చారని నాయనమ్మకు చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వింది.

లూయెల్లా

తా.క. మరక లేని పన్నెండో రిబ్బను మా ఆయన దాచుకున్నారు. అది టటిల్ గారు స్వయంగా కట్టుకున్నదట. ఆయన వంతు వచ్చేసరికి రొట్టె అయిపోయిందట.