కొత్తకు ముందే రాసిన మామిడికాయ

జనవరి 6

మా అమ్మాయి సోని నాకు బ్లాగు తెరిచింది. నా ఫోన్లోనే. అరకులో రిసార్టు రిసెప్షన్లో కూర్చునే పిల్ల. వచ్చిన గెస్టులందరూ కాఫీ చెట్టు ఎంత ఎత్తుంటుంది, మిరియాలు ఏ చెట్టుకి కాస్తాయి అని అడిగి అడిగి దాన్ని విసిగించేశారట. నాన్నా, నువ్వు రాసీ, నేను లింకు ఇచ్చేత్తాను అంది. ఊళ్లో అర్జీలన్నీ రాసేది నేనే కదా, ఇదెంత అనుకున్నాను.

జనవరి 8

మొదటి పోస్టు పెట్టాను. "గౌరవనీయులైన పాఠకులకు, కాఫీ రైతు ధనరాజు వ్రాసుకొను విన్నపము ఏమనగా" అని మొదలుపెట్టి, "కావున తమరు దయతలచి" అని ముగించాను.

సోని ఫోన్ చేసింది. ముందు నవ్వు ఆపుకోలేకపోయింది. ఏటి నాన్నా, సదివినోళ్లు నీకు పింఛను శాంక్షన్ సెయ్యాలా అంది.

ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా నాకు నేర్పింది రెండే. లీవు లెటరు, అర్జీ. ఇన్నేళ్లూ వాటితోనే బతికాను.

జనవరి 19

కాఫీ పళ్ల కోత మీద పోస్టు. "ఇది చాలా కష్టమైన పని" అని రాశాను. ఆ లైను తీసెయ్యమంది సోని. కష్టమని నువ్వు సెప్పకు నాన్నా, నీ సెయ్యి ఎలాగుందో సెప్పు అంది. చేయి చూసుకున్నాను. వేళ్లు జిగురు. గోళ్ల కింద నలుపు. మణికట్టు మీద ఎర్రచీమ కుట్టిన దద్దుర్లు మూడు. అదే రాశాను. రాశాక నాకే చేయి దురద పెట్టింది.

వ్యూస్ తొమ్మిది. నాలుగు నావే.

ఫిబ్రవరి 2

ఈ వారం ఏమీ రాయలేదు. ఒక్కరైనా అడుగుతారనుకున్నాను. అడగలేదు.

ఫిబ్రవరి 3, ఉదయం 7

అడిగారు. విశాఖ నుంచి సాయికుమార్ అనే ఆయన, ఈ వారం పోస్టు లేదేం గురువుగారూ అని కామెంటు పెట్టాడు. సరళకి చూపించాను. సరళ నా భార్య. ఆ సంగతి డైరీకి చెప్పక్కర్లేదు గానీ, బ్లాగు అలవాటైపోయి ఎవరెవరో చెప్పకపోతే చేయి ముందుకు పోవడం లేదు.

గురువుగారిని బేగి రెండు కట్టెలు తెచ్చి పొయ్యి కాడ పడెయ్యమను అంది సరళ.

ఫిబ్రవరి 23

ఊరి బోరింగు చెడిపోయి నాలుగు నెలలు. "తాగునీటి ఎద్దడిని నివారించ ప్రార్థన" అని మూడు అర్జీలు రాశాను. ఎవరూ రాలేదు. నాలుగోది వేరేగా రాశాను. అంగన్‌వాడీ టీచరు మాధవి గెడ్డ దాకా వెళ్లి వాగునీళ్లు బిందెతో తెచ్చేసరికి పిల్లలు చేతులు కడుక్కోకుండానే నిద్రపోతున్నారు, ఆ చేతుల మీద పప్పు ఎండిపోతోంది, ఈగలు ముందు బొటనవేలి మీద వాలుతున్నాయి అని రాశాను. అంతే. ప్రార్థన లేదు, దయతలచడం లేదు.

నాలుగో రోజున మెకానిక్ వచ్చాడు. ఇది రాసినోళ్లు ఎవురండి అని అడిగాడట. మాధవి నన్ను చూపించింది. ఆయన నా చేతులు చూశాడు. కడుక్కునే ఉన్నాను.

వారం వారం రాయడం వల్ల ఇదొకటి జరుగుతోంది. చూసిందే రాస్తున్నాను. రాయాలి కాబట్టి చూస్తున్నాను కూడా.

మార్చి 28, ఉదయం 8

నిన్న సాయంత్రం గాలివాన. ఈ ఏడాది మొదటిది. కాఫీ తోటలో రెండు సిల్వర్ ఓక్ కొమ్మలు పడ్డాయి. కొండమామిడి కింద పిందెలు బోలెడు రాలాయి.

మీ కొండమామిడి రుచి ఎలా ఉంటుంది గురువుగారూ అని సాయికుమార్ అడిగాడు. పుల్లగా ఉంటుంది అని రాసి సోనికి పంపాను. అది గూగులూ సెప్తాది, నీ నాలుక ఏటి సెప్పిందో రాయి అంది.

నాలుకని అడిగాను. దానికి నిరుటి సంగతి గుర్తు లేదు.

మార్చి 28, మధ్యాహ్నం 2

తిన్నాను.

మార్చి 28, సాయంత్రం 5

ఎవరూ చూడలేదు. తోటలో మధ్యాహ్నం అన్నం మూట విప్పుకున్నాను. మూటలో ఉప్పు ఉంది. పక్కనే కాయ ఉంది. సగమే తిన్నాను. ఆకలికి కాదు, రాయడానికి.

మామిడి కొత్త పండగ అయ్యేదాకా మా ఊళ్లో ఎవరూ ఆ ఏటి మామిడి నోట పెట్టరు. ముందు ఊరి దేవతకి పెట్టాలి. పెట్టేది పూజారి. పూజారి భీమన్న, సరళకి సొంత అన్న, నాకు బావ. ఎవరైనా ముందే తిని కొత్త తప్పితే ఆ దోషం తప్పిన వాడి మీద కాదు, పూజారి మీద పడుతుందని ఊరి మాట. బావకి డెబ్బై దాటాయి.

ఇదంతా తిన్నాక గుర్తొచ్చిందని రాయబోయాను. అబద్ధం. తినేటప్పుడూ గుర్తుంది.

మార్చి 30

పోస్టు పెట్టాను. ఇప్పటిదాకా రాసిన వాటిలో ఇదే బాగుంది. కొంత ఇక్కడ ఎక్కించుకుంటున్నాను, ఫోన్ పోయినా ఇది ఉండాలి.

"వానకి రాలిన కాయ. తొడిమ దగ్గర సొన ఇంకా కారుతోంది, దాని చుట్టూ చీమలు. పన్ను దిగిన చోట ముందు ఏ రుచీ తెలీదు. తరవాత చెవుల వెనక ఎవరో నొక్కినట్టు ఉంటుంది. ఎడమ కన్ను దానంతటదే మూసుకుంటుంది. అప్పుడు ఉప్పు. టెంక ఇంకా ముదరలేదు, పంటికే తెగింది."

నూట అరవై వ్యూస్. సాయికుమార్ తన నాలుకకి ఏమైందో ఆరు లైన్ల కామెంటు రాశాడు.

ఏప్రిల్ 1

మాధవి అంగన్‌వాడీ అరుగు మీద ఆడవాళ్లకి పోస్టు పైకి చదివి వినిపించింది. సగంలో ఆపి, అన్నా, ఈ ఏడు వాన పడింది ఒక్కసారే కదా, ఏ వానకి రాలిన కాయ ఇది అని అడిగింది. అందరూ నా వైపు చూశారు. సరళ చూడలేదు. బిందె ఎత్తుకుని ఇంటికి వెళ్లిపోయింది.

ఏప్రిల్ ఒకటి కదా, జోకని చెప్పొచ్చు. కానీ మా వాళ్లకి ఏప్రిల్ ఫూల్ అంటే ఏమిటో చెప్పడానికి మళ్లీ ఒక పోస్టు రాయాలి.

ఏప్రిల్ 2

సరళ నాలుగు మాటలే మాట్లాడింది. నిరుటి కాయని సెప్పీ, సరిపోద్ది.

సోని కూడా అదే అంది. ఒక్క ముక్క ఎడిట్ సేత్తే అయిపోద్ది నాన్నా, ఎవురికి తెలుస్తాది అంది.

మా తోటలో టవర్ అందే రాయి ఒకటుంది. దాని మీద కూర్చుని "నిరుడు" అని ముందు చేర్చాను. చదువుకున్నాను. సొన కారడం మానేసింది. చీమలు వెళ్లిపోయాయి. నిరుడు నా కన్ను మూసుకుందో లేదో నాకేం తెలుసు?

ఆ ముక్క తీసేశాను.

పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో ప్రతి కొత్తకీ పూజ అయ్యాక బావ భోజనాల వరసలో నా పక్కనే కూర్చుంటాడు. కొత్త తప్పిన వాడికి వరసలో విస్తరి వెయ్యరు. తిండి ఎక్కడైనా తినొచ్చు. ఆ పక్కన చోటు పోతుందనే నా దిగులు.

ఏప్రిల్ 4

బావ ఇంటికి వెళ్లాను. తిన్నాను బావా అన్నాను. ఆయన విస్తర్లకి అడ్డాకులు కుడుతున్నాడు. ఆపలేదు. తిన్నావని ఊరంతా సెప్పింది, ఏటి రాసినావో ఎవురూ సెప్పలేదు, ముందది సదివించు అన్నాడు.

బావకి చదువు రాదు. నేను చదివితే గొంతు మారుస్తానని మాధవిని పిలిపించాడు. చదివింది. మళ్లీ అన్నాడు. మళ్లీ చదివింది. మూడోసారి కళ్లు మూసుకుని విన్నాడు. గొంతులో ముడి కిందకీ పైకీ కదిలింది. కోపం దిగమింగుతున్నాడనుకున్నాను.

తప్పుకి ఒక కోడి, వరసలో విస్తరి లేదు అన్నాడు. నా వైపు చూడకుండా ఇంకో ఆకు తీశాడు.

ఏప్రిల్ 5

సరళ మాట్లాడింది. అన్నం పెట్టనా అంది. పోస్టు తీసేస్తావా అంది. తియ్యనన్నాను. తీత్తే నేను ఊరుకోను, ఇంత అయ్యాక అది కూడా లేకపోతే ఎలాగ అంది.

కంచం కడుక్కుని వచ్చి కూర్చున్నాను.

ఏప్రిల్ 13

కొత్త అయింది. కోడి ఇచ్చాను. వరసకి దూరంగా నా విస్తరి నేనే వేసుకుని కూర్చున్నాను.

పూజ ముగించి బావ తన విస్తరి పట్టుకుని, వరస దాటి, నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఏటి బావా ఇటొచ్చినావు అన్నాను. నువ్వు తిన్నావు, నేను ఇన్నాను, మూడుసార్లూ నోట్లో నీళ్లూరితే మింగేసినాను, ఇంక నాకు మాత్రం వరసలో ఇస్తరెలాగుంటాది అన్నాడు.

కొంచెం జరిగాను.

తలెత్తి చూస్తే, ఆ మూడుసార్లూ పైకి చదివిన మాధవి కూడా విస్తరి పట్టుకుని వస్తోంది.

ఇంకొంచెం జరిగాను.