ఆ కాలమ్‌లో ‘వద్దు’ అని రాసింది నేను

1998 ఫిబ్రవరి 9, సోమవారం

మా రసాయనాల ఫ్యాక్టరీ గేటు దగ్గర నల్లబోర్డు మీద ఇవాళ రాసింది: ‘తడి చేత్తో స్విచ్ ముట్టుకోవద్దు.’ ఏడేళ్లుగా రోజూ ఒక జాగ్రత్త రాస్తున్నాను. సేఫ్టీ సూపర్‌వైజర్ పనిలో పైకి కనిపించేది అదొక్కటే. చదివేవాళ్లు తక్కువ. నర్సింలు చదువుతాడు — మా ఊరివాడు, నాకంటే నాలుగేళ్లు చిన్న, మూడో బ్లాకులో రియాక్టర్ ఆపరేటర్. మా భానూర్ నుంచి ఫ్యాక్టరీ ఉన్న గడ్డపోతారం దాకా ఇద్దరం నా స్కూటర్ మీదే వస్తాం, పోతాం. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆటపట్టించాడు. చెయ్యి తుడుచుకోవడానికి కంపెనీ తువ్వాల ఇస్తుందా అని.

రసాయనం పడకుండా పెట్టుకునే కళ్లద్దాలు కొత్తవి కావాలని స్టోర్‌కు మూడోసారి ఇండెంట్ చీటీ పెట్టాను. ఇప్పుడున్నవి పెట్టుకుంటే ఐదు నిమిషాల్లో లోపల ఆవిరి పడుతుంది. ఇక ఏమీ కనిపించదు. అందరూ నుదుటి మీదికి తోసేసుకుంటారు.

ఫిబ్రవరి 14

ఇండెంట్‌కు జవాబు లేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

బీమా ఏజెన్సీ నా భార్య శారద పేరు మీద ఉంది. తిరిగేదీ, మాట్లాడేదీ, ఫారాలు నింపేదీ నేనే. ఏడాది కోటా మార్చి నెలాఖరుకు నింపాలి; ఆ నెల దగ్గరపడితే మా ఇంట్లో ఆదివారం ఉండదు. ఇవాళ పటాన్‌చెరులో మూడిళ్లు. ప్రెస్ మెషిన్ మీద పనిచేసే ఒకాయన అడిగాడు — ఏ పాలసీ మంచిదని. నాలుగైదేళ్లకోసారి కొంత డబ్బు చేతికి వచ్చేదాని గురించి చెప్పాను. అందరూ అడిగేది అదే. తక్కువ కట్టి ఎక్కువ రక్షణ ఉండేది కూడా ఉందన్నాను. సస్తెనే వచ్చేది ఎవనికి గావాలె సార్, అన్నాడు. ఇద్దరం నవ్వాం. మొదటిదానికే ఫారం నింపి సంతకం తీసుకున్నాను.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. ఆయన ఎడమచేతికి చిటికెన వేలు లేదు.

మార్చి 3, మంగళవారం

పొద్దున పదకొండు. మూడో బ్లాకు. కాస్టిక్ ద్రావణం పంపుతో రియాక్టర్‌లోకి ఎక్కిస్తున్నారు. పైపు జాయింటు ఊడింది. నేరుగా నర్సింలు ముఖం మీదికి. అద్దాలు నుదుటి మీద ఉన్నాయి.

నేను పక్క బ్లాకులో ఉన్నాను. అరుపు విని పరుగెత్తాను. షవర్ కిందికి లాక్కెళ్లి రెండు కళ్ల రెప్పలూ వేళ్లతో తెరిచి పట్టాను. కంట్లో రసాయనం పడితే పదిహేను నిమిషాలు నీళ్లతో కడగాలి — బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. పదిహేను నిమిషాలంటే ఎంతో ఇవాళ తెలిసింది. వాడు మూసుకోవాలని పెనుగులాడుతున్నాడు. నేను తెరుస్తున్నాను. ఇడిసిపెట్టన్నా, ఇడిసిపెట్టు... అంటూనే ఉన్నాడు. విడిచిపెట్టలేదు.

కంపెనీ జీపులో హైదరాబాదు. కంటి ఆసుపత్రి. అక్కణ్నుంచి ఊళ్లో ఫోనున్న ఇంటికి చేసి, వాడి భార్య సుశీలను పిలిపించాను. ఆమె ఒక్కటే అడిగింది.

“మాట్లాడుతుండా బావా?”

మాట్లాడుతున్నాడన్నాను.

మార్చి 4

బోర్డు మీద ఏమీ రాయలేదు.

మార్చి 8, ఆదివారం

పెద్ద డాక్టరు కట్లు విప్పి చూశారు. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటికి వెలుగూ చీకటీ తేడా తెలిస్తే అదే గొప్ప అన్నారు. సుశీల వరండాలో గోడకానుకొని నిలబడి వింది. ఏడవలేదు. కూతురు మంజుల ఏడో తరగతి. పరీక్షలున్నాయని ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉంచారు.

నర్సింలుకు డాక్టరు మాట ఇంకా చెప్పలేదు. నా గొంతు విని, బ్యాచ్ ఖరాబైందా అన్నా అని అడిగాడు. కాలేదని అబద్ధం చెప్పాను. మొత్తం పారబోశారు.

మార్చి 9, సోమవారం

మేనేజరు గదికి పిలిచి టీ తెప్పించారు. ప్రమాదం రిపోర్టు రాయాల్సింది నేను. అందులో ఒక్క వాక్యం ఉంటే చాలన్నారు — కంపెనీ ఇచ్చిన అద్దాలు ఆపరేటర్ పెట్టుకోలేదు, అని. అది అబద్ధం కాదు కదా యాదగిరీ, అన్నారు మెల్లగా.

నిజమే. అబద్ధం కాదు. ఆ ఒక్క వాక్యంతో నర్సింలు నష్టపరిహారం ఏళ్లతరబడి ఎక్కడో ఇరుక్కుపోతుంది. అంతే.

మార్చి 10

రాశాను. అద్దాలు నుదుటి మీద ఉన్నాయి — రాశాను. ఎందుకున్నాయో కూడా రాశాను. ఆవిరి పట్టని అద్దాలు కావాలని మూడుసార్లు అడిగినట్టు, పైపు జాయింటు బిగించే క్లాంపు పాతదైనట్టు. మూడు ఇండెంట్ల నకళ్లు జతచేశాను. ఒక కాపీ ఇంటికి తెచ్చుకున్నాను.

శారద చదివి, మంచిపని చేసినవ్ అంది. భయంగా ఉంది. తేలిగ్గానూ ఉంది.

మార్చి 15, ఆదివారం

సుశీల బట్టల కోసం ఊరికి వచ్చింది. ట్రంకుపెట్టె అడుగు నుంచి కవరు తీసి నా చేతికిచ్చింది. మూడేళ్ల కింద నర్సింలు పేరు మీద నేను చేయించిన పాలసీ బాండు.

“ఇది గిప్పుడు పనికొస్తదా బావా?”

ప్రమాదానికి కూడా డబ్బు వచ్చే పాలసీ అయితే రెండో పేజీలో ఉండాల్సిన ముద్ర కోసం చూశాను. లేదు. బాండు వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. ఆఫీసులో కనుక్కుంటానని జేబులో పెట్టుకున్నాను. ఆమెకు కొంచెం ధైర్యం వచ్చినట్టుంది. టీ పెట్టింది. తాగాను.

మార్చి 18, బుధవారం

సంగారెడ్డి వెళ్లాను. బీమా ఆఫీసులో పాత ఫైలు తీయించాను. ఆఫీసరు మంచివాడు. ఫారం నా ముందు పెట్టి ఒక కాలమ్ మీద వేలుంచాడు. ‘యాక్సిడెంట్ బెనిఫిట్ కావాలా?’ ఎదురుగా ‘వద్దు’ అని ఉంది. అక్షరాలు నావి.

అక్కడ ‘కావాలి’ అని ఉంటే, రెండు కళ్లూ పోయినందుకు పాలసీ మొత్తం నెలనెలా కొంత చొప్పున వాళ్లింటికి వచ్చేది. ఇకముందు వాయిదాలు కట్టే పని ఉండేది కాదు. దానికోసం అదనంగా కట్టాల్సింది ఎంతని... ఏడాదికి మొగుడూపెళ్లాం ఒక సినిమాకు వెళ్లొచ్చినంత.

ఇప్పుడున్న పాలసీ మనిషి పోతే ఇస్తుంది. గడువు నిండితే ఇస్తుంది. బతికుండి పని చేసుకోలేని మనిషికి ఏమీ ఇవ్వదు. వాయిదా మాత్రం అడుగుతుంది.

పాపం, పాలసీ తీసుకున్న పార్టీయే వద్దందా అని అడిగాడు ఆఫీసరు. తల ఊపాను.

మార్చి 19

నిన్న తల ఎందుకు ఊపాను?

అప్పుడూ మార్చే. వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ఆ సాయంత్రం నాకు ఇంకా నాలుగిళ్లు ఉన్నాయి. నర్సింలు ముందే చెప్పాడు, వాయిదా ఇంతకంటే పైసా దాటితే నావల్ల కాదని. ఈ కాలమ్ దగ్గరికొచ్చాక ఆగాను. కలిపితే ఆ గీత దాటుతుంది. వివరించాలి. వాడు ఆలోచిస్తానంటాడు, నెలాఖరు దాటిపోతుంది. ‘వద్దు’ అని రాసేసి పేజీ తిప్పాను. చదివి వినిపించనే లేదు. సంతకం ఏడ పెట్టాలె అన్నాడు. చూపించాను. సుశీల గడపలో కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

నర్సింలు ఏ పని చేస్తాడో నాకు తెలియదా? ఆ బ్లాకులో ఏమేం జరగవచ్చో రోజూ బోర్డు మీద రాసేవాణ్ని నేనే కదా.

మార్చి 22

సుశీలకు చెప్పాను — ఈ పాలసీలో ప్రమాదానికి రాదట, అని. ‘అట’ అన్నాను. ఎవరో నాకు చెప్పినట్టు.

ఏప్రిల్ 2, గురువారం

నన్ను సరుకు బయటికి పంపే డిస్పాచ్‌కు మార్చారు. డ్రమ్ముల లెక్క. బోర్డు మీద ఇప్పుడు వేరే దస్తూరి. చదవకుండా లోపలికి పోతున్నాను.

ఏప్రిల్ 13

లేబర్ ఆఫీసులో నర్సింలు నష్టపరిహారం కేసు వేశాం. నా రిపోర్టే పెద్ద ఆధారమట. అయినా టైమ్ పడుతుందన్నాడు వకీలు. బయట టీ కొట్టు దగ్గర మూడో బ్లాకువాళ్లు చుట్టూ చేరారు. నౌకరికి భయపడకుండ రాసిండు, అసలు మనిషంటే యాదన్న, అన్నారు. నా టీ డబ్బులు వాళ్లే ఇచ్చారు.

వాళ్ల ముఖాలు చూడలేకపోయాను. మేనేజరు ముందు మాట్లాడగలిగాను. ఒక ఇంటి అరుగు మీద మాత్రం నోరు పెగలడం లేదు.

ఏప్రిల్ 26, ఆదివారం

నర్సింలును ఊరికి తెచ్చారు. మంజుల ఇంటి తలుపు నుంచి స్నానాల గది దాకా, అక్కణ్నుంచి బోరింగు దాకా బట్టల తాడు కట్టింది. తాడు పట్టుకొని నడుస్తున్నాడు. నా స్కూటర్ చప్పుడు విని ఆగాడు. ఒంటరిగా వస్తుంటే బండి తేలిగ్గుందా అన్నా అని అడిగాడు.

మే 3

నర్సింలు పాలసీకి జూన్‌లో కట్టాల్సిన మూడు నెలల వాయిదా నోటీసు వచ్చింది. మధ్యలో ఆపితే కట్టింది కూడా సరిగ్గా రాదు. ఈసారి నేను కడతానన్నాను.

“నువ్వెందుకు కడ్తవు బావా?”

సుశీల మామూలుగానే అడిగింది. ఊరికే, అన్నాను. ఆమె చేతిలో పని ఆపి నా వైపు చూసింది. అవసరం లేదని, తన పుస్తె అమ్మైనా తనే కట్టుకుంటానని చెప్పింది.

మే 11

బోర్డు నా చేతిలో ఉంటే ఇవాళ ఇట్లా రాసేవాణ్ని: ‘పాలసీ తీసుకునేముందు మనిషి పోతే ఏమొస్తుందో ఒక్కటే అడగొద్దు. బతికుండి సంపాదించలేకపోతే ఏమొస్తుందో అడగండి. నింపిన ఫారం మొత్తం చదివించుకున్నాకే సంతకం చేయండి.’

శారద రిజిస్టరు ముందేసుకుని, నేను ‘వద్దు’ రాసిన పేర్లన్నీ విడిగా తీశాను. అనుకున్నదానికంటే ఎక్కువ. ఒక్కొక్క ఇంటికీ పోవాలి. యాక్సిడెంట్ బెనిఫిట్ తర్వాతైనా కలిపే వీలుందని ఆఫీసరు చెప్పాడు. శారద అడిగింది, ఇప్పుడెందుకు ఇదంతా అని. అప్పుడు ఆమెకు మొత్తం చెప్పాను. రిజిస్టరు మూసి పక్కన పెట్టింది. తర్వాత — వాళ్లకు చెప్పినవా, అంది.

మే 17, ఆదివారం

నాలుగిళ్లు తిరిగాను. ప్రెస్ మెషిన్ ఆయన దగ్గరికీ వెళ్లాను. ఈసారి నవ్వలేదు. అంతా విని, కలపమన్నాడు. ఇంకొకాయన మాత్రం, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని తలుపు వేసేశాడు.

నర్సింలు ఇంటి ముందు నుంచే వచ్చాను. ఆగలేదు.

మే 24, ఆదివారం

ఇవాళ ఆగాను. సుశీల, మంజుల చేను దగ్గర ఉన్నారు. వాడొక్కడే మంచం మీద. పాలసీ గురించి ఒక మాట చెప్పాలిరా, అన్నాను. ఫారంలో ఒక కాలమ్ ఉండె, అని మొదలుపెట్టాను. వాడు చెయ్యి పైకెత్తాడు.

“నువ్వు అడిగినవన్నా. నేనే వద్దన్న. నాకు మంచిగ యాదికుంది. ఇగ ఆ ముచ్చట తియ్యకు.”

నేను అడగలేదు. అడగలేదని నాకు తెలుసు. వాడికి నిజంగా అట్లాగే గుర్తుందా? లేక నా గొంతులో ఏదో విని, నేను చెప్పబోయేది తెలిసి... కళ్లలోకి చూసి తెలుసుకుందామంటే కళ్లు లేవు.

సరే, అన్నాను. బయటికొచ్చి స్కూటర్ స్టార్ట్ చేయకుండా మా ఇంటి దాకా నెట్టుకుంటూ నడిచాను.

మే 25

నేను తప్పు ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా?

జూన్ 2

సుశీల పనికి కుదిరింది. పాశమైలారంలో, ప్యాకింగులో. పొద్దున ఏడున్నర బస్సు. తన పేరు మీద పాలసీ చేయించాలట, ఆదివారం ఫారం పట్టుకొని రమ్మని మంజులతో కబురు పంపింది. ఇంకెవరైనా ఏజెంటును పిలవొచ్చు కదా. నన్నే పిలిచింది.

జూన్ 7, ఆదివారం

అరుగు మీద చాప వేసింది. నర్సింలు మంచం మీద, మంజుల వాళ్ల నాన్న కాళ్ల దగ్గర. సుశీల నా ఎదురుగా కూర్చుంది.

“మొత్తం సదువు బావా. ఏది ఇడిసిపెట్టకు.”

చదివాను. పేరు, వయసు, పని, ఇంట్లో ఎవరెవరికి ఏ జబ్బులు. ప్రతిదీ చదివి మామూలు మాటల్లో చెప్పాను. ఆ కాలమ్ వచ్చింది. చదివాను. ప్రమాదంలో చేతులు పోతే, కాళ్లు పోతే, కళ్లు పోతే ఏమొస్తుందో చెప్పాను. దానికి ఎంత ఎక్కువ కట్టాలో చెప్పాను.

“గింతేనా ఎక్కువ కట్టేది?” అంది సుశీల. తర్వాత అడిగింది. “మూడేండ్ల కింద గిది సదివినవా బావా?”

నేను నోరు తెరవకముందే నర్సింలు అన్నాడు — సదివిండు, నేనే వద్దన్న. ఆమె అటు తిరగలేదు. నన్నే చూస్తోంది. ఆ రోజు ఆమె గడపలోనే ఉంది.

“చదవలేదు,” అన్నాను. అడగకుండా నేనే ‘వద్దు’ అని రాశానన్నాను. ఎందుకు రాశానో కూడా చెప్పాను, ఆ సాయంత్రం ఇంకా నాలుగిళ్లు ఉన్నాయని.

నర్సింలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాడు నాకోసం పట్టుకున్న మాటను నేనే పోగొట్టాను. మంచిదైందో కాదో తెలియదు.

మంజుల ఒకసారి తల్లినీ ఒకసారి నన్నూ చూసింది. తర్వాత సుశీల, ఆ కాలమ్‌లో ‘కావాలి’ అని రాయమంది. రాశాను. రాసింది మంజులతో చదివించుకుంది. సంతకం పెట్టింది. మొదటి వాయిదా డబ్బులు కొంగులోంచి విప్పి చాప మీద పెట్టి లోపలికి వెళ్లింది.

లేచి చెప్పులు వేసుకున్నాను. పోయొస్తానన్నాను. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. పొమ్మనలేదు. మళ్లీ రమ్మనలేదు.