ఎవరి తల మీద ప్రమాణం

ఫిబ్రవరి 11, మంగళవారం

మా పక్కింటి తఫెసెచ్ అవ్వ తోటలో అరటిలాంటి ఎన్సెట్ చెట్లు ఇరవై మూడు ఎవరో నరికేశారు. దొంగతనం కాదు. నరికి అక్కడే పడేశారు. ఆరేళ్లు పెంచిన చెట్లు. వచ్చే ఏడాది వాటి దుంపా కాండమూ గీకి పాతరేసుకుని, ఆ పులిసిన పిండితో, అదే వాసతో, ఇంకో మూడేళ్లు రొట్టె చేసుకు తినాల్సింది ఆ ముసలామె. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు గీకడం నేర్పింది ఆవిడే. సూది పట్టుకోవడం వచ్చిందిగానీ వెదురుచెక్క పట్టుకోవడం రాలేదేమే నర్సమ్మా అని ఏడిపించేది.

ఇవాళ పడిపోయిన చెట్ల మధ్య కూర్చుని ఆకులు సర్దుతోంది. ఎవడు చేశాడో వాడి చేతులు పడిపోను!

ఫిబ్రవరి 12

హందీసో చొక్కా మీద ఎన్సెట్ పసరు మరక. మా తోటలో ఈ నెల ఒక్క చెట్టూ కొయ్యలేదు. కత్తి కడిగి పెట్టాడు. పెళ్లయిన ఆరేళ్లలో నా మొగుడు ఒక్క గ్లాసు కడిగిన పాపాన పోలేదు.

ఫిబ్రవరి 12, సాయంత్రం

అడిగేశాను. ముందు నీకేమన్నా పిచ్చా అన్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు. పోయిన నెల పెద్దలు అందరి ముందూ మన కంచె దాని తోటలోంచి అడుగు వెనక్కి జరపమన్నప్పుడు ఆ ముసల్ది నవ్వింది, నువ్వు చూళ్లేదా అన్నాడు.

చూశాను. ఆవిడ నవ్వలేదు. పళ్లు లేక ఆవిడ నోరు ఎప్పుడూ అలాగే ఉంటుంది!

ఫిబ్రవరి 14

పెద్దలు కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన అనులో తాత ఎవరి పేరూ ఎత్తలేదు. చేసినవాడు ఆదివారంలోగా వచ్చి నా చెవిలో వేస్తే, మళ్లీ నాటించి, మాట పొక్కకుండా చూస్తాను అన్నాడు. లేదంటే సోమవారం ప్రతి ఇంటి యజమానీ తన ఆఖరిబిడ్డని ఎత్తుకొచ్చి, తల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చెయ్యాలి.

ఆడవాళ్లు చెయ్యక్కర్లేదు. ఇంటికంతటికీ మగాడి నోరు చాలట.

ఫిబ్రవరి 15

పోయి తాత చెవిలో వెయ్యి అన్నాను. ఇంకోసారి తల దించుకోమంటావా అన్నాడు. మరి సోమవారం సంగతేంటి అంటే, చేసేస్తాను అన్నాడు! చదువుకున్నదానివి, చర్చికి పోయేదానివి, శాపాలూ గీపాలూ నమ్ముతావా అని నన్నే వెక్కిరించాడు.

నమ్మను. బీఎస్సీ నర్సింగ్ చదివాను. జ్వరం ఇన్‌ఫెక్షన్ వల్ల వస్తుంది, శాపం వల్ల రాదు. అయినా కిరుబెల్‌కి రెండేళ్లు. ప్రతి వానాకాలం వాడికి జ్వరం వస్తుంది. ఈసారి వచ్చినప్పుడు థర్మామీటర్ చూస్తూ నేనేం అనుకోవాలి? ప్రతిసారీ, వాడు పెద్దయ్యేదాకా, అదే అనుకుంటూ బతకాలా? ఈ మనిషికి అడుగు నేల ఎక్కువైంది, బిడ్డ తల చవకైంది. ఒళ్లు మండిపోతోంది.

ఫిబ్రవరి 16

తాత దగ్గరికి పోలేదు. చర్చిలో మాత్రం అందరికంటే గట్టిగా పాడాడు.

నేనే చెప్పేద్దామని తాత గుమ్మం దాకా పోయాను. తిరిగొచ్చేశాను. నా నోరు అక్కర్లేదన్నారుగా.

ఫిబ్రవరి 17, సోమవారం

మైదానంలో ఊరంతా ఉంది. ఒక్కొక్కడూ బిడ్డని ఎత్తుకుని ముందుకొచ్చాడు. నేను నరకలేదు, నరికినవాణ్ణి ఎరగను అని చెప్పి పక్కకి తప్పుకున్నాడు. తఫెసెచ్ అవ్వ పీట మీద తల వంచుకుని కూర్చుంది.

మా వంతు వచ్చింది. కిరుబెల్ కాల్చిన మొక్కజొన్న కొరుకుతున్నాడు. హందీసో చెయ్యి పైకి లేచింది. నేను ఆడవాళ్ల మధ్యలోంచి లేచి నడిచాను. బిడ్డని అతని చంకలోంచి లాక్కున్నాను. ఒక్క క్షణం అతను వదల్లేదు. కిరుబెల్ కెవ్వుమన్నాడు. అప్పుడు అతను వదిలేశాడు. బిడ్డతో అక్కడే నిలబడ్డాను.

అనులో తాత మమ్మల్నిద్దర్నీ చూశాడు. ఏం నాయనా, ఇప్పుడు ఎవరి తల మీద చేస్తావు అన్నాడు.

హందీసో అవ్వ పీట దగ్గరికి నడిచాడు. నేనే అవ్వా అన్నాడు.

తెలుసులేరా అంది అవ్వ. ఊళ్లో ఎడంచేత్తో కత్తి పట్టేది నువ్వొక్కడివేగా, మానుల మీద ఆ ఏటవాలు దెబ్బలు చూడగానే తెలిసింది, వచ్చి చెబుతావేమోనని ఇన్నాళ్లూ గుమ్మంలోనే కూర్చున్నాను అంది.

అంటే ఆవిడకి తెలుసు. తాతకీ తెలిసే ఉంటుంది. అతనంతట అతను చెప్పాలని చూస్తూ కూర్చున్నారు, నా బిడ్డ తల మీదికి చెయ్యి లేచేదాకా! నాకు అందరి మీదా కోపంగా ఉంది.

మార్చి 2

చెట్టుకి రెండు చొప్పున నలభై ఆరు పిలకలు నాటాం. అవి ఎదిగేదాకా అవ్వకి వాస మా పాతరలోంచే. రాజీకి గుర్తుగా పెద్దల ముందు అవ్వా, హందీసో ఒకే గిన్నెలో అటకన అనే ఎన్సెట్ పిండి ముద్ద తిన్నారు. వెన్న కారుతోంది. నన్నూ రమ్మన్నారు. ఆకలి లేదన్నాను.

జూన్ 19

వాన. కిరుబెల్‌కి జ్వరం. 38.6. పారాసిటమాల్ వేశాను. హందీసో తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రావడం లేదు. ఉత్త జ్వరమేనా అని మూడుసార్లు అడిగాడు.

ఉత్త జ్వరమే. కాసేపాగి చెబుతాను.