బావకు కట్టిన పులివేషం

గాజువాక

మా అప్ప గంగాలమ్మకు తమ్ముడు గవర్రాజు రాయునది. ఇక్కడ నా తలకాయ ఒక్కటి తప్ప అందరం క్షేమం. అక్కడ పారదీపులో అల్లుడింట నువ్వూ, మేనకోడలు ఆశా, పుట్టిన పిల్లా క్షేమమని తలుస్తాను. పిల్ల ముక్కు అచ్చం మా బావ ముక్కు అని రాశావు. పెరిగేకొద్దీ సర్దుకుంటుందిలే, దిగులు పడకు.

నీ ఉత్తరం లారీ డ్రైవరు తెచ్చిచ్చాడు. ఫోనుతో పోయేదానికి మళ్లీ కాగితమెందుకని నా భార్య సూర్యకళ అంటోంది. ఫోను చెవికానిస్తే చాలు, ఎడమ కణతలో సుత్తి మొదలవుతుంది. పైగా నువ్వు స్పీకరు పెట్టి మాట్లాడతావు. ఇది నలుగురూ వినే సంగతి కాదు.

నాకు పింఛను వచ్చిందా అని అడిగావు. ఎన్నడూ లేనిది మీ ఆయన ఈ వయసులో అమ్మోరి పండక్కి పులివేషం ఎందుకు కట్టాడనీ అడిగావు. రెండూ ఒకే కథ గనక మొదటినుంచీ చెబుతాను.

ఆటోనగర్‌లో లారీ బాడీలకు రేకులు కొట్టే పని ఎందుకు మానేశానో నీకు తెలుసు. నొప్పి వచ్చిందంటే గది తలుపులు మూసి, తలకు తడిగుడ్డ బిగించుకుని, కక్కుకుంటూ పడి ఉంటాను. సూర్యకళ గిన్నె కింద పెట్టాలన్నా చప్పుడు కాకుండా పాత బట్ట పరిచి పెడుతుంది. అందుకే వికలాంగుల పింఛను కోసం, డాక్టర్లు చూసి సర్టిఫికెట్టిచ్చే సదరం క్యాంపుకు వెళ్లాను. కాలు లేనివాడికి లేదని కనబడుతుంది. నా తల చూస్తే గుమ్మడికాయలా నున్నగా ఉంది. డాక్టరమ్మ మంచి మనిషి. "తలనొప్పికని ఫారంలో వేరే గడి లేదయ్యా. నరాల డాక్టరు రాసిన కాగితాలు ఉన్నాయి కాబట్టి నరాల జబ్బు కింద చూద్దాం. ముందు మీ పేటలో విచారణ చేయించాలి" అంది.

విచారణకు ఒక అమ్మాయి వచ్చింది. ఆ రోజు నేను లోపల చీకట్లో పడున్నాను. పక్కనే మీ అరుగు మీద కూర్చుని బావను అడిగింది. బావ నవ్వి, ఫోను తీసి వీడియో చూపించాడు. అందులో ఉన్నది నేను. ఒళ్లంతా పసుపు రంగు, నల్లచారలు, తోక ఊపుతూ డప్పుల ముందు గెంతుతున్నాను.

అప్పా, కిందటేడు ఆ వేషం ఎందుకు కట్టానో నీకు తెలియనిదా. "అమ్మోరికి పులేసం మొక్కుకోరా, సేత్తో తీసినట్టు తీసేత్తాది" అన్నది నువ్వే. తలనొప్పి పోవాలని తలనొప్పితోనే గెంతాను. పులి తల తొడుగు కింద కన్నీళ్లు కారుతుంటే జనం ఈలలేశారు. నొప్పి పోలేదు సరికదా, మొక్కు తీర్చుకున్నదే నా మీద సాక్ష్యమైంది.

"తలనొప్పి ఎవుడికి రాదమ్మా. ఆడు పుట్టుకతోనే ఏసగాడు. నా స్కూటరు సీటు కింద ఎండు నెత్తళ్లు కుక్కీసి నెల్లాళ్లు నన్ను కంపు కొట్టించినోడు. ఇదీ ఆడి ఆటే" అని బావ ఆ అమ్మాయితో అన్నాడట. ఆ అమ్మాయే తర్వాత నాకు చెప్పింది. ఎండుచేపల మాట నిజమే, దానికి నేను సిగ్గుపడను. కానీ ఆ ఒక్క మాటతో నా దరఖాస్తు పక్కకు పోయింది. టీకొట్టు దగ్గరికి వెళ్తే చాలు, "ఏటి పులీ, తల నొప్పా" అంటారు.

ఇక బావ వేషం సంగతి. ఈ ఏడు పండగ ముందు బావ పేరు మీద కొబ్బరికాయా, పసుపూ పట్టుకెళ్లి, పులివేషం మొక్కని పూజారికి చెప్పినవాణ్ణి నేనే. డప్పు కొట్టి అమ్మవారి ముందు పేరు పిలిచాక కాదన్నవాడు మన పేటలో లేడు. "తాతబాబు, పులేసం" అని పూజారి కేకేసినప్పుడు బావ మొహం నువ్వు చూడాల్సింది. నోరు తెరిచి, అమ్మవారి వైపు చూసి, మూసేశాడు.

రంగు నేనే పూశాను. పులి తల తాళ్లు కణతల మీదుగా నేనే బిగించాను, ప్రేమగా. డప్పులవాళ్లకు టీలు పోయించి, "మా బావకి సెవుడు, సెవి కాడే కొట్టండి" అన్నాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చెవుల్లో దూది కుక్కుకుని, ఎండలో వీధి వీధీ వెంట తిరిగి వీడియో తీశాను. బాగా గెంతాడు అప్పా. చూసినవాళ్లు పాతికేళ్ల కుర్రాడనుకుంటారు.

పొద్దు వాలేసరికి రేషన్ షాపు గోడ పక్కన కూలబడి కక్కాడు.

"ఒరే, తల పగిలిపోతందిరా. ఆ డప్పులాపమను. కళ్లు తెరవనేకపోతన్నాను."

పక్కన కూర్చుని వీపు రాశాను. "తలనొప్పి ఎవుడికి రాదు బావా" అన్నాను.

కణతలు రెండు చేతులా నొక్కుకున్నాడు. "నొప్పొచ్చినప్పుడల్లా నీకు ఇలాగేనేటిరా" అన్నాడు.

"ఇది సగం" అన్నాను.

నాకు జాలి కలగలేదు, అబద్ధమెందుకు. డప్పుల పక్కన తిరిగిన పాపానికి ఆ వారమంతా నేనూ తల ఎత్తలేదు. చీకట్లో పడుకుని నవ్వుకున్నాను. నవ్వితే నొప్పి ఎక్కువవుతుంది. అయినా నవ్వాను.

నీకు చెప్పనిది ఇంకొకటుంది. పేటంతా ఆట, ఆట అంటుంటే, ఇది నిజంగానే నా ఆటేమోనని నాకే అనుమానం పట్టుకుంది. ఒకరోజు తేల్చుకుందామని గోడకేసి తల బాదుకున్నాను. సూర్యకళ పరుగెత్తుకొచ్చి అరచేయి అడ్డం పెట్టింది. దాని వేళ్లు కమిలిపోయాయి. తలుపు సందులో పడ్డాయని అందరికీ చెప్పుకుంది. అప్పా, బావను నేను వదలనిది పింఛను కోసం కాదు. ఆ వేళ్ల కోసం.

డాక్టరమ్మ బుధవారం మళ్లీ రమ్మంది. రెండు వీడియోలూ ఆమెకు చూపిస్తాను. గెంతేవాడి తొడుగు కింద తల ఎలా ఉంటుందో బావ తన నోటితో చెప్పాలి. అడిగితే, "పులేసంలో కక్కినానని ఆడ డాక్టరు ముందర సెప్పమంటావేటిరా, పరువు పోద్ది" అంటున్నాడు. నీ మాటకైతే వణుకుతాడు. ఒక్క ఫోను కొట్టు. ఈసారి స్పీకరు పెట్టే కొట్టు, అల్లుడూ వియ్యపురాలూ వినేలాగ.

రానంటే బలవంతం చేయకు. వచ్చే ఏడూ పండగ ఉంటుంది, కొబ్బరికాయలూ దొరుకుతాయి. పులితోక శుభ్రంగా ఉతికి, ఆరేసి, మా అటక మీద పెట్టాను. బావ నడుం కొలత నాకు తెలుసని మాత్రం చెప్పు.

ఇట్లు,
ఆట కాదని నువ్వైనా నమ్మాల్సిన నీ తమ్ముడు,
గవర్రాజు