హజ్జీ మక్కీ వెనక్కి తీసుకున్న మాట

కరుణామయుడైన అల్లాహ్ పేరుతో.

బహ్రెయిన్‌లో బర్బార్ ఊరి కాపురస్థుణ్ణి, ఖర్జూరపు తోటపనివాణ్ణి, మక్కీ బిన్ సల్మాన్ అనే నేను, డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రకటించేది ఏమనగా: మోకాళ్లు పోయాయి గానీ మతి పోలేదు. అనుమానమున్నవాళ్లు మా కోడలిని అడగండి, నిన్న చేపల కూరలో ఉప్పు తక్కువైందని ఎవరు గొడవ పెట్టారో చెబుతుంది. కళ్లు ఆనవు కాబట్టి నేను చెబుతుంటే నా కూతురు రబాబ్ రాస్తోంది.

1. ఆస్తిలో రెండు వంతులు షరియా చెప్పినట్టు పిల్లలకి చెందాలి. అందులో వాదులాట లేదు. మూడో వంతు నా ఇష్టం.

2. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత రబాబ్‌ది. కొడుకులు అలగొద్దు. మీరు మంచివాళ్లే, కానీ ఏ కాగితమూ చివరిదాకా చదవరు. ఆ గుణం నా దగ్గర్నుంచే వచ్చింది.

3. పక్కతోట హజ్జీ రాదీకి ఏటా ఆడచెట్లకి పుప్పొడి కట్టుకోవడానికి నా పెద్ద పోతుచెట్టు పూగుత్తులు రెండు ఇవ్వాలి. ఆయన పోతుచెట్టు పుప్పొడి కడితే కాయ గిడసబారుతుందని నలభై ఏళ్లు దాన్ని నా తోట దరిదాపులకి రానివ్వలేదు. రబాబ్ కూతురు, మా మనవరాలు మసూమాకి వైద్యం జరిగినన్నాళ్లూ "దేవుడు చేసినదాన్ని మార్చడమేంటయ్యా, ఇదా అభివృద్ధి?" అని ఊరి మగవాళ్లంతా కూర్చునే మజ్లిస్‌లో నన్ను సాధించాడు. ఆయన మోకాలిలో ఉన్నది ఉక్కు. అది దేవుడు ఏ కొలిమిలో పోశాడని అడుగుదామనుకుని ఊరుకున్నాను. పోనీలే రాదీ, క్షమించాను. ఇకనైనా మంచి కాయ తిను.

4. రబాబ్‌కి, ఖురాన్ పెట్టే చెక్కపెట్టె అడుగున గుడ్డలో చుట్టిన కాగితం. రెండు ముక్కలుగా ఉంటుంది. తల్లీ, కలం కింద పెట్టకు. నీకూ మా అక్క కొడుకు జవాద్‌కీ పెళ్లి అనుకున్నప్పటి రక్తపరీక్ష కాగితం అది. ఇద్దరి రక్తంలోనూ సికిల్‌సెల్ దాగి ఉందని, పుట్టే పిల్లలకి జబ్బు రావచ్చని రాసుంది. నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడే అక్కకి మాటిచ్చాను. "మక్కీ రక్తం చూసి పిల్లనివ్వడు, మాట చూసి ఇస్తాడు" అని, అందులో ఏముందో ఎవరికీ చెప్పకుండా మజ్లిస్‌లో దాన్ని చింపేశాను. అందరూ శభాష్ అన్నారు. మీ ఇద్దరికీ మాత్రం అంతా బాగుందని చెప్పాను. చెట్లకి పుప్పొడి ఏరి ఏరి కట్టిన చేతులివే. నీ కొడుకు హాషిమ్ ఎముకల నొప్పితో అరిచి అరిచి తొమ్మిదేళ్లకే పోయాడు. ఏం తప్పు చేశానని నువ్వు ఇన్నేళ్లూ దేవుణ్ణి అడుగుతున్నావు. అడగాల్సింది నన్ను.

5. మసూమాకి పది ఖునైజీ రకం ఖర్జూరపు చెట్లు. ఏటా తొలికోతలో ఒక బుట్ట, ఆమెకీ ఉన్న అదే జబ్బుని బాగుచేసిన ఆసుపత్రి వార్డుకి పంపాలి. ఆమె మూలుగలోంచి కణాలు తీసి, వాటిలో పుట్టుకతో వచ్చిన తప్పుని దిద్ది, మళ్లీ ఒంట్లోకి ఎక్కించారట. ఎవరు కనిపెట్టారో, ఏ దేశంవాళ్లో నాకు తెలీదు. వాళ్ల తల్లుల కడుపు చల్లగా ఉండాలి. ఈ చలికాలం ఒకనాడు పిల్ల తడిబట్టలతో వచ్చి నా ముందు నిలబడింది. "తాతా, సముద్రంలో నిండా మునిగాను, ఏమీ కాలేదు!" అంది. చన్నీళ్లు తగిలితే నొప్పితో మెలికలు తిరిగిపోయిన పిల్ల అది. ఇది అభివృద్ధి కాదనే పెద్దమనుషులు ఒక్కపూట ఆ వార్డులో కూర్చుని వచ్చి మాట్లాడండి.

6. అయితే డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది: "మేం మార్చింది ఈమె రక్తాన్నే, హజ్జీ. కడుపున పుట్టేవాళ్లకి వెళ్లేది పాతదే." పోయిన మా అన్న చెయ్యి పట్టుకుని, మసూమాని ఆయన మనవడు హబీబ్‌కిస్తానని మాటిచ్చి ఉన్నాను. హబీబ్ రక్తంలోనూ ఆ దోషం ఉంది. మా వదిన "పిల్లకి నయమైంది కదా, ఇంకా పరీక్షలేంటి?" అంటోంది. మక్కీ మాట తప్పడని ఊరంతా అంటారు. ఇప్పుడు తప్పుతున్నాను. అన్నకిచ్చిన ఆ మాట ఇందుమూలంగా రద్దు. రక్తంలో తప్పుని దిద్దేదాకా వెళ్లింది లోకం. ఒక కాగితం చదవడం నేర్చుకోవడానికి నాకు ఒక మనవడి ప్రాణం పట్టింది. పిల్లలూ, మీ కాగితాలు ఇద్దరూ కలిసి చదువుకోండి. ఆ తర్వాత వద్దనుకున్నా, డాక్టర్లని అడిగి దారి వెతుక్కున్నా నా దీవెన ఉంటుంది.

7. చెట్టెక్కే నా మోకు హబీబ్‌కి. మనసు కష్టపెట్టుకోకు నాయనా.

హిజ్రీ 1447, షాబాన్ 20, బర్బార్.

మక్కీ బిన్ సల్మాన్ (సంతకం)

సాక్షి: ముల్లా అబ్దుల్ అమీర్.

సాక్షి: హబీబ్ బిన్ ఈసా. అంతా చదివే సంతకం పెట్టాను. కాగితాలు మేం పోయిన నెలే చదువుకున్నాం తాతా. పెళ్లి వద్దనే అనుకున్నాం, నీ మాట పోతుందని చెప్పలేక ఊరుకున్నాం. మోకు ఇప్పుడే ఇచ్చెయ్, ఈ ఏడు పుప్పొడి నేను కడతాను.

దస్తూరి: రబాబ్. నాన్న చెప్పింది చెప్పినట్టు, నాలుగో అంశంతో సహా రాశాను. కలం కింద పెట్టలేదు. హాషిమ్ పోయాక వాడి పేరు నాన్న నోట వినడం ఇదే మొదటిసారి. అమలు చేసే బాధ్యతకి ఒప్పుకుంటున్నాను.